నిమ్మకాయంత కొప్పుకు గులాబి

మా మామ పోయారు. బల్కంపేట ఎల్లమ్మ బోనాలు ముగిసిన వారంలోనే, పంజగుట్ట దుకాణంలో ఎవరిదో షేర్వానీ గుడ్డ మీద సుద్దతో గీతలు గీస్తూ, ఉన్నచోటనే బల్ల మీద తల వాల్చారు. పక్కన ఇస్త్రీ చేసే అతను అమీర్‌పేటలోని మా ఇంటికి ఉరికొచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. "వదినా, జర పెద్దమ్మను లోపట కూసోవెట్టు" అన్నాడు. ఆ మాటతోనే నాకు విషయం తెలిసిపోయింది. పెరట్లో మొక్కలకు నీళ్లు పోస్తున్న అత్తకు ఎలా చెప్పాలన్నదే తెలియలేదు.

ఆయన గురించి నలుగురూ చదివేలా రాయడానికి ఏముందని మీకు అనిపించవచ్చు. మా మామ దర్జీ. సిరిసిల్లలో మగ్గాల ఇంట పుట్టి, మగ్గం కడుపు నింపక కత్తెర పట్టుకుని పట్నం వచ్చారు. అలాంటివాళ్లు ఈ ఊళ్లో ఏ వీధిలోనైనా దొరుకుతారు. కానీ ఒక కొత్త గులాబిని పుట్టించిన దర్జీ నాకు తెలిసి ఆయన ఒక్కరే. అది కూడా పేరు కోసం కాదు, మా అత్త కొప్పు కోసం.

నేను ఆ ఇంటికి కోడలిగా రాకముందే అత్తకు విషజ్వరం వచ్చిందట. ప్రాణం దక్కింది గానీ జుట్టు దక్కలేదు. మిగిలినదంతా కలిపి ముడిస్తే నిమ్మకాయంత కొప్పు. ఆ తర్వాత చుట్టాల పెళ్లిలో వడ్డిస్తుంటే, తలలో పెట్టుకున్న గులాబి బరువు ఆగక జారి ఎవరి విస్తట్లోనో పప్పులో పడింది. పంక్తి పంక్తంతా నవ్వింది. అత్త కూడా నవ్వి ఇంకో గరిటె పప్పు వేసిందట. ఇంటికి వచ్చాక మాత్రం మళ్లీ పువ్వు ముట్టుకోలేదు. పండగ వచ్చినా అంతే, పేరంటానికి పోయినా అంతే. భర్త ఉండగా బోసి తలేమిటని అడిగినవాళ్లకు తలనొప్పి అని చెప్పేది. ఆ పంక్తిలో నవ్వనిది మా మామ ఒక్కరేనని అత్తే నాకు చెప్పింది.

దుకాణంలో మామ చెప్పే కథ వేరు. షోకు కోసం జనం గుండీ కాజాలో పెద్ద గులాబి గుచ్చుకుని తాను కుట్టిన షేర్వానీని కిందికి గుంజేస్తున్నారని, అందుకే గుండీ అంత గులాబి కావాలని గిరాకీలకు చెప్పేవారు. వాళ్లు నమ్మేవాళ్లు. ఇంట్లో మేమెవరం నమ్మలేదు.

పంజగుట్టలో ఒక నవాబుగారి బంగళాకు కొలతలకని వెళ్లినప్పుడు, అక్కడి ముసలి మాలి కుండీలో ఒక పొట్టి గులాబిని చూపించాడట. జానెడు మొక్క, చిటికెడు పువ్వు. ఓడ మీద వచ్చిందన్నాడు. చూడ్డానికి ముద్దొస్తుంది గానీ వాసన లేదు, మధ్యాహ్నానికల్లా రెక్కలు రాల్చేస్తుంది. మామ ఆ మాలికి ఒక అంగీ కుట్టిచ్చి కొమ్మ తెచ్చుకున్నారు. మా పెరట్లో నాటు గులాబి ఉండనే ఉంది. దానికి వాసనుంది, నిలకడుంది, పువ్వేమో అరచేయంత. ఈ రెంటికీ పెళ్లి చేస్తే పుట్టే పిల్లకు దీని ఒళ్లు, దాని గుణం రావాలని ఆయన ఆశ. ఎలా చేయాలో ఆ మాలే నేర్పాడు.

ఎండ ముదరకముందే మొక్క ముందు గొంతుక్కూర్చునేవారు. పొట్టి గులాబి మొగ్గ విచ్చుకోబోతుండగా రెక్కలు విప్పి, లోపలి పుప్పొడి తిత్తులను కాజాలు కోసే చిన్న కత్తెరతో ఒక్కొక్కటే తీసేసేవారు. తర్వాత నాటు గులాబి పుప్పొడిని పట్టుదారం కుచ్చుతో అద్ది, ఈగ వాలకుండా పలచని మల్మల్ సంచి తొడిగి దారంతో కట్టేవారు. కాయ పండితే గింజలు తీసి తడి ఇసుకలో పెట్టడం, మొలిచినవాటిని పగిలిన కుండల్లో బోరబండ వైపు నుంచి తెచ్చిన ఎర్రమట్టి పోసి నాటడం. మొలిచినవి చాలావరకు చచ్చేవి. బతికి పూసినవాటికి ఇంకో పరీక్ష ఉండేది. పువ్వు కోసి, సూదులు గుచ్చుకునే మెత్తకు గుచ్చి దుకాణానికి పట్టుకెళ్లేవారు. పొద్దుగూకేదాకా రెక్క రాలకపోతేనే ఆ మొక్క ఇంట్లో ఉంటుంది. రాలిందా, ఇరుగుపొరుగుకు పోతుంది. అమీర్‌పేటలో ఇవాళ ఏ గోడ పక్కన పొట్టి గులాబి కనిపించినా అది మా మామ పరీక్షలో తప్పిందే.

"కొత్త బట్టను నమ్మొద్దు బిడ్డా. ఒకసారి నీల్లల్ల తడిసినంకనే దాని అసలు కొలత తెలుస్తది" అనేవారు. పూల గురించీ అదే మాట, మనుషుల గురించీ అదే మాట. పెళ్లయిన కొత్తలో నన్నూ అలాగే కొన్నాళ్లు గమనించి ఉంటారని నా అనుమానం.

ఆ మల్మల్ సంచులతో ఒక తమాషా జరిగింది. బల్కంపేట గుడికి పోయే ఆడవాళ్లు మా గోడ మీదుగా చూసి, కొమ్మలకు కట్టిన గుడ్డలు ముడుపులనుకున్నారు. ఎవరికో కోరిక తీరిందని కూడా పుకారు పుట్టింది. ఒక పొద్దున లేచి చూస్తే మామ సంచుల పక్కన పసుపు గుడ్డల మూటలు వేలాడుతున్నాయి. మా ఆయన విప్పి పారేయబోతే మామ చేయి పట్టుకున్నారు. "ఉండనియ్. గాల్లది సుత ఎదురుచూసుడే గదా" అన్నారు. ఆ ఏడు కాయ పండిందో లేదో చూద్దామని, వానకు పసుపు వెలిసిన ఒక మూటను తన సంచే అనుకుని విప్పితే గింజలకు బదులు బియ్యం దొరికాయి. వాటిని అలాగే మళ్లీ మూటగట్టి, తన కుట్టుపనంత శ్రద్ధగా ముడి వేశారు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బట్ట కరువైతే తన పాత ధోవతి చింపి సంచులు కుట్టారు. అత్త విసుక్కునేది, ఒంటి మీద బట్ట కూడా ఆ ముళ్లకంపకే పెడుతున్నాడని. విసుక్కుంటూనే నీళ్లు పోసేది.

యుద్ధం అయిపోయాక, అందరం ఆశ వదులుకున్నాక పూసింది ఆ మొక్క. షేర్వానీ గుండీకి సరిగ్గా సరిపడే పువ్వు, జామపండు లోపలి రంగు, దగ్గరికి వెళ్తే నాటు గులాబి వాసన. మెత్తకు గుచ్చుకుని దుకాణానికి పోయి, సాయంత్రం దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఇంటికి వచ్చారు. మరుసటి రోజు కూడా అది చెక్కుచెదరలేదు. చూడటానికి వచ్చిన ముసలి మాలి దీని పేరేమిటని అడిగాడు. "అంగీకి పేరు పెడ్తమా? ఎవరికి కుడితె గాల్లదే" అన్నారు మామ.

నేను వెంటనే అత్త తలలో పెట్టమన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"జర ఆగు బిడ్డా. ఒక్కటే మొక్క ఉన్నది. కొమ్మలు నాటి, అవి సుత గిట్లనే పూస్తయో లేదో చూడాలె. ఒక్కనాడు పెట్టుకున్నంక మల్ల దొరకకపోతె ఆమెకు ఇంకో నవ్వులాటయితది."

నాకు ఒళ్లు మండింది. ఆ తర్వాత వచ్చిన మొగ్గలన్నిటినీ, కొమ్మలకు బలం చాలదని ఆయన గిల్లేస్తుంటే ఇంకా మండింది. ఒకనాడు అడిగేశాను కూడా, పువ్వు అత్త కోసమా, మీ పంతం కోసమా అని. ఆయన ఇంకో మొగ్గ గిల్లారు. అత్తే వంటింట్లోంచి "గిన్నేండ్లు ఆగిన, ఇంకొన్ని దినాలు ఆగుత తియ్" అంది. కొమ్మలు వేళ్లు పోశాయి. గోడ వెంట వరసగా కుండీలు, అన్నిటికీ మొగ్గలు. ఈసారి బోనాలకు పెడతానన్నారు. ముసురు పట్టి మొగ్గలు ఆలస్యమయ్యాయి. ఆయన ఆగలేదు.

మాలో పదోనాడు ఒక ఆచారముంది. మీ ఇళ్లలోనూ ఉండే ఉంటుంది. భర్త పోయినామెను కూర్చోబెట్టి ఆఖరిసారి పసుపు రాసి, బొట్టు పెట్టి, చేతుల నిండా గాజులు తొడిగి, తల నిండా పూలు పెడతారు. ఆ వెంటనే అన్నీ తీసేస్తారు. ఇది ఎవరు పెట్టారో గానీ, ఎన్నడూ ఎవరి కొప్పులోనూ ప్రేమగా ఒక పువ్వు తురిమి ఉండరు.

ఆ పొద్దున్నే మొగ్గలు విచ్చుకున్నాయి. అన్ని కుండీల్లో, అదే పువ్వు.

వాడకట్టు ఆడవాళ్లు తెచ్చిన మల్లెదండ అత్త కొప్పుకు ఆగడం లేదు. దారం పెట్టి కడుతున్నారు. అత్త నన్ను పిలిచి మెల్లగా "బిడ్డా, గా మామ పువ్వు ఒకటి తెంపుకరా" అంది. తెచ్చాను. దండ కింద, మెడకు కొంచెం పైన, కొప్పు మొదట్లో పెట్టాను. దారం అక్కర్లేకపోయింది. కొలిచి కుట్టినట్టు కూర్చుంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన సరిగ్గానే చేశారు, ఆ సంగతి చూడ్డానికి ఆయన లేరు.

తర్వాత పెద్దామె ఒకావిడ వచ్చి బొట్టు తుడిచింది. గాజులు తీసింది. మల్లెదండ దారం తెంపి లాగింది. ఇంకా ఏమైనా మిగిలాయేమోనని కొప్పు చుట్టూ చేత్తో తడిమింది. జుట్టులో మునిగి ఉన్న ఆ పువ్వు ఆమె వేళ్లకు తగల్లేదు. అయిపోయిందని చెప్పి లేచింది.

నేను వెనకే నిలబడి చూస్తున్నాను. నోరు విప్పలేదు.

అత్త కొంగు తల మీదికి లాక్కుంది. అందరూ వెళ్లిపోయాక కూడా, వెనక ఉన్న గోడకు ఆనుకోకుండా, మెడ కాస్త ముందుకు వంచి, పొద్దుగూకేదాకా అలాగే కూర్చుంది.