రాళ్ళ కుప్ప దగ్గర బావకు పెట్టిన ముద్ద

దయ్యాలంటే నాకు మొదటి నుంచీ నవ్వే. దుబాయ్ క్యాంపులో పన్నెండు మందిమి పడుకునే గదిలో మనుషులకే కాళ్ళు చాపుకునే జాగా ఉండేది కాదు, ఇక దయ్యానికి చోటెక్కడిది? ఎవరైనా స్నానాల గది దగ్గర తెల్లచీర కనిపించిందంటే, ముందు నీ లుంగీ ఎక్కడ ఆరేశావో చూసుకోరా అని తిట్టేవాణ్ణి.

నేను చేసిన పని కూడా అలాంటిదే. సర్వే గ్యాంగులో టేపు పట్టుకునేవాణ్ణి. టేపుకు అందనిది లేనట్టే అనుకుని బతికాను. ఇప్పటికీ అంతే. ఒక్క శుక్రవారం సంగతి మాత్రం నలభై ఏళ్ళకు పైగా నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఇంతవరకూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. మా అక్క నర్సవ్వ భర్త గంగారాం బావ. డెబ్బై అయిదు ప్రాంతంలో ముసలి తల్లినీ చిన్న బిడ్డనూ అక్క మీద వదిలి, బొంబాయి వెళ్ళి లాంచీ ఎక్కాడు. వీసా లేనివాళ్ళకు అప్పట్లో అదే దారి. ఖోర్ ఫక్కాన్ తీరం కనిపించగానే నీళ్ళలోకి దింపేసేవాళ్ళు. ఈదుకుంటూ ఒడ్డు చేరి, కొండలు దాటి, పొద్దు గుంకే దిక్కుకు ఎడారిలో నడిస్తే దుబాయ్ వస్తుందని చెప్పేవాళ్ళు. మనవాళ్ళలో మొదట దుబాయ్ మొహం చూసినవాళ్ళు కొందరు అలా నడిచినవాళ్ళే. వాళ్ళు నడిచారు కాబట్టే మేం తర్వాత విమానంలో దిగాం.

బావ ఒడ్డుకు చేరడం చూశానని అదే లాంచీలో వచ్చిన మనిషి ఒకడు చెప్పాడు. కొండల్లో విడిపోయారట. అంతే, ఆ తర్వాత ఉత్తరం ముక్క లేదు. నేను వచ్చిన కొత్తలో దుబాయ్, షార్జా క్యాంపులన్నీ తిరిగి అడిగాను. లాంచీలో వచ్చినవాడికి కాగితం ఉండదు, కాగితం లేనివాడు అసలు పేరే చెప్పడు. ఎవరిని పట్టుకుని అడగాలి?

ఒక గుర్తు మాత్రం ఉంది. పెళ్ళికి ముందు తుమ్మ మొద్దు కొడుతుంటే గొడ్డలి జారి బావ కుడికాలి బొటనవేలు పూర్తిగా తెగిపోయింది. ఆ కాలు కాస్త బయటికి తిప్పి నడిచేవాడు.

ఎనభై మొదట్లో అక్క ఒక క్యాసెట్ పంపింది. అప్పట్లో చదువురాని వాళ్ళ ఉత్తరాలు అవే. టేప్ రికార్డర్ చెవికి ఆనించుకుని విన్నాను. "తమ్మీ, ఐదేండ్లాయె. మీ బావ ఉన్నడో పోయిండో ఎరుక లేదు. గాజులు ఏసుకుంటె, ఎవని కోసమే అని నగుతరు. తీసేద్దామంటె చెయ్యి ఆడ్తలేదు. నువ్వు ఆ దేశంలనే ఉంటివి. ఏదో ఒకటి తేల్చి చెప్పురా." ఏడవలేదు. మామూలుగా, బియ్యం ధర చెప్పినట్టు చెప్పింది. అందుకే నాకు ఏడుపొచ్చింది.

ఆ చలికాలంలోనే మా ముదీర్, అంటే మేనేజరు, ఇంగ్లీషాయన, భార్యతో కలిసి శుక్రవారాలు ఎడారిలో నడవడం మొదలుపెట్టాడు. మనకు నడక శిక్ష, వాళ్ళకు సరదా. దారి చూపడానికి సయీద్ అనే ముసలి బదూను, అంటే ఎడారి తెగ మనిషిని, పెట్టుకున్నారు. ఆయన వయసులో ఉండగా బొంబాయికి ఖర్జూరం ఓడల్లో తిరిగాడట, హిందీ బాగా వచ్చు. ఈసారి ఖోర్ ఫక్కాన్ కొండలకు ఇవతల, లాంచీవాళ్ళు నడిచిన దారిలో తీసుకెళ్తాడని విన్నాను. నీళ్ళ డబ్బా మోస్తాను, చాయ్ కాస్తాను అని ముదీర్ దగ్గర బతిమాలి నేనూ బయలుదేరాను.

నడిచింది నలుగురం. ముందు సయీద్, తర్వాత ముదీర్, మేడం, అందరికన్నా వెనక నేను. డ్రైవర్ బండి దగ్గరే ఉండిపోయాడు.

సయీద్ కళ్ళు కాళ్ళ దగ్గరే ఉండేవి. ఇసుక మీద గీతలు చూసి ఇది నక్క, రాత్రి వెళ్ళింది, కడుపుతో ఉంది అనేవాడు. ఉడుములాంటి దబ్బు బొరియలు చూపించాడు. దూరంగా రెండు జింకలు తలెత్తి చూసి మాయమయ్యాయి. కాకులు పొద్దున్నుంచీ మా వెంటే ఉన్నాయి. మన కాకుల కన్నా పెద్దవి, మెడ మీద గోధుమ రంగు. మేడం రొట్టె ముక్క విసిరితే నేల మీద పడనిచ్చేవి కావు.

గంటన్నర నడిచాక నాలుగైదు రాళ్ళ కుప్పలు వచ్చాయి. లాంచీవాళ్ళవి అన్నాడు సయీద్. దాహంతో పడిపోయినవాళ్ళను మేకలు కాసేవాళ్ళు చూసి రాళ్ళు కప్పేవారట. వాళ్ళు హిందువులో ముస్లింలో తెలియదు, తల ఏ దిక్కుకు పెట్టాలో తెలియదు, తోచినట్టు పెట్టామన్నాడు. అందరూ చనిపోలేదనీ చెప్పాడు. కొందరు లోపల మేకల మందల దగ్గర కుదురుకుని, పోలీసుల భయంతో ఏళ్ళ తరబడి మనుషుల ముందుకు రాలేదట. మేడం ఫోటోలు తీసుకుంది.

వాళ్ళు ముందుకు కదిలాక నేను బూటులో రాయి దూరిందని వెనక ఆగాను. అది అబద్ధం. మా దిక్కు మనిషి పోతే మూడో రోజు పిట్టకు పెడతాం. పోయినవాడికి ఇష్టమైన కూడు వండి పెడితే, కాకి వచ్చి ముట్టుకోవాలి. ముట్టకపోతే మనసులో ఏదో కోరిక ఉందని అర్థం. బావ పోయాడో లేదో తెలియకుండానే నేను ఆ పని చేయడానికి వెళ్ళాను. బతికున్నవాడి పేరున పిట్టకు పెట్టకూడదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. తేల్చి చెప్పమన్న అక్కకు ఇంతకంటే తేల్చే దారి నాకు తోచలేదు.

ఇంగ్లిషు పేపరు పరిచి, క్యాంపులో వండి తెచ్చిన అన్నం, ఎండుచేపల కూర, రెండు ఉడికించిన గుడ్లు పెట్టాను. బావా తినిపో అన్నాను. కాకులు ఆరేడు కుప్ప మీద వాలి, అన్నం వంక చూశాయి. ముట్టలేదు. నీ పిల్లను నేను సాకుతా అన్నాను. ముట్టలేదు. మీ అమ్మను చూసుకుంటా అన్నాను. మేడం విసిరిన రొట్టెకు కొట్టుకున్న కాకులు, జానెడు దూరంలో ఉన్న చేపను ముట్టకుండా అన్నీ ఒక్కసారి లేచి వెళ్ళిపోయాయి. అన్నం అక్కడే వదిలేసి పరుగున వాళ్ళను కలుసుకున్నాను.

ముప్పావుగంట దూరంలో గాఫ్ చెట్టు కింద ఆగాం. చూస్తే మన జమ్మి చెట్టే. భోజనాలు చేసి, చాయ్ తాగి, గంట తర్వాత వచ్చిన దారినే వెనక్కి తిరిగాం. ఇరవై అడుగులు వేశాడో లేదో, సయీద్ చేయి పైకెత్తి ఆగిపోయాడు. మేం తిన్నప్పుడు మా వెనక ఉన్న ఇసుక దిబ్బ మీద వంగి చూస్తున్నాడు.

"కిత్నే ఆద్మీ హై హమ్?" అన్నాడు. ఎంతమందిమి అని. నలుగురం అన్నాను. నేల చూపించాడు. నా బూటు అడుగుల మీద వట్టి కాలి అడుగులు. నా అడుగు అంచు వాటి కింద నలిగి ఉంది. అంటే నేను నడిచాకే పడ్డాయి.

కుడికాలి అడుగులో నాలుగే వేళ్ళు. బొటనవేలు ఉండాల్సిన చోట చదునుగా ఉంది. ఆ కాలు కాస్త బయటికి తిరిగి ఉంది.

జేబులోంచి టేపు తీసి కొలిచాను. ఒక్క అడుగు కాదు, పది కొలిచాను. అన్నీ ఒకే కాలివి. నా మీద నీళ్ళ డబ్బా బరువున్నా, నా అడుగు కన్నా అదే లోతుగా దిగింది. సయీద్ ఇది బతికున్న మనిషి అడుగు, బరువుంది అన్నాడు. దిబ్బ మీద రెండు పాదాలూ పక్కపక్కనే, మడమలు బాగా దిగి ఉన్నాయి.

"ఖడా రహా. హమ్ కో ఖాతే దేఖా," అన్నాడు సయీద్.

మేం తింటుంటే అక్కడ నిలబడి చూశాడు. అక్కడి నుంచి అడుగులు ఎటూ పోలేదు. సయీద్ దిబ్బ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. నక్క గర్భాన్ని ఇసుకలో చదివిన మనిషి, నాకు కనిపించడం లేదు అని చేతులెత్తేశాడు. గాఫ్ చెట్టు తప్ప దాక్కోవడానికి చుట్టూ గుబురు కూడా లేదు.

ముదీర్ గడియారం చూసుకుని యల్లా, యల్లా, పదండి అన్నాడు. సయీద్ నా దగ్గరికి వచ్చి, నీ మనిషైతే పిలువు, నీ భాషలో పిలువు, మేం ఆగుతాం అన్నాడు. ఆయనకు ఎలా అర్థమైందో తెలియదు. నా మొహం చూసి అయి ఉంటుంది.

నేను పిలవలేదు. ఒక్కసారి "బావా" అంటే పోయేది. పలికితే దయ్యమని భయం, పలకకపోతే లేడని భయం. నా జన్మలో నేను చేసిన పిరికిపని అదొక్కటే, అదొక్కటే చాలు.

తిరుగుదారి పొడుగునా ఆ అడుగులు నా అడుగుల మీదే ఉన్నాయి. రాళ్ళ కుప్ప దగ్గర మొదలయ్యాయి. కుప్ప దగ్గరికి ఎవరూ వచ్చిన అడుగులు లేవు, అక్కడి నుంచి బయలుదేరినవే ఉన్నాయి. అన్నం లేదు. గుడ్ల పెంకులు ఒక పక్క, చేప ముళ్ళు ఒక పక్క. పేపరును నాలుగు మడతలు పెట్టి, ఎగిరిపోకుండా దాని మీద రాయి పెట్టి ఉంది. ఏ కాకీ పేపరు మడవదు.

తర్వాతి శుక్రవారం డ్రైవర్‌ కాళ్ళావేళ్ళా పడి మళ్ళీ వెళ్ళాను. ఈసారి అరిచాను, గొంతు పోయేదాకా అరిచాను. వారం రోజులూ గాలి వీచింది. అడుగులు లేవు, పేపరు లేదు. సయీద్ లోపలి మేకల మందల దగ్గర విచారించాడు. వేలు లేని మనిషిని ఎరగమని అందరూ అన్నారు.

అక్కకు క్యాసెట్ నింపడానికి కూర్చున్నాను. ఉన్నది ఉన్నట్టు చెబితే ఏం చెప్పాలి? పిట్ట ముట్టలేదు గానీ ఎవరో తిన్నారని చెప్పాలా? అడుగులు కనిపించాయి, నేను పిలవలేదు అని చెప్పాలా? ఆ మాట వింటే అక్క చచ్చేదాకా గడపలోనే కూర్చుంటుంది. పిట్టకు పెట్టాను, పిట్ట ముట్టింది అని చెప్పాను.

ఊళ్ళో దినాలు చేశారు. అక్క గాజులు పగలగొట్టారు. తర్వాత వచ్చిన క్యాసెట్‌లో అక్క, "నువ్వు నీ కండ్లతోని జూసినవు గద తమ్మీ, నీ మాట మీదనే ఒప్పుకున్న," అంది. మారుమనువుకు ఇద్దరు ముగ్గురు అడిగినా వద్దంది. కళ్ళు మసకలు కమ్మేదాకా బీడీలు చుట్టి బిడ్డ పెళ్ళి చేసింది.

అవి ఎవరి అడుగులో నాకు ఈ రోజుకీ తెలియదు. చచ్చినవాడు అంత బరువుగా నడవడు. బతికినవాడు గాలిలో మాయమవ్వడు. ఏ వైపు నుంచి కొలిచినా టేపు చాలడం లేదు. ఒకవేళ అది నిజంగా మనిషే అయితే, బతికున్న మా బావను చంపింది ఎడారి కాదు.

ఇప్పుడు అక్కకు కళ్ళు కనిపించవు. నేను వెళ్ళినప్పుడల్లా చేయి పట్టుకుని అదే అడుగుతుంది. మొన్నా అడిగింది.

"తమ్మీ, పిట్ట ఎంబడే ముట్టిందా, జెరసేపు ఆగిందా?"

"ఎంబడే ముట్టిందక్కా," అన్నాను.