పెద్దక్క తెచ్చిన జమ్మి ఆకు

మొన్న వేసవి సెలవులు మొదలైన రోజున మా మనుమరాలు వీపుకు సంచి తగిలించుకుని, మెడలో పేరు రాసిన బిళ్ళ వేలాడదీసుకుని, పిల్లల శిబిరానికి పోతున్నానని చెప్పడానికి నా మంచం దగ్గరకు వచ్చింది. అక్కడ ఏమేం చేస్తారని అడిగితే ఈత, బొమ్మలు గీయడం, గుర్రపు స్వారీ అంటూ వేళ్ళు మడిచి మరీ చెప్పింది గాని, అన్నం ఎవరు వండుతారని అడిగితే మాత్రం ఆ పిల్లకు తెలియలేదు, వాళ్ళమ్మకూ తెలియలేదు. ఎవరో డబ్బాల్లో పంపుతారట. వండే మనిషి ఎవరన్న ఆ ఒక్క ప్రశ్న దగ్గరే నా ఇరవయ్యో ఏడు తలకిందులైంది, అప్పుడు పుట్టిన కోపం ఇన్నేళ్ళైనా చల్లారలేదు. చల్లారాలని నేను పెద్దగా ప్రయత్నం చేసిందీ లేదు.

నైజాం రోజులు పోయి, రాష్ట్రం పేరు కూడా మారి, కొన్నేళ్ళయిన కాలం అది. చెన్నూరుకు కోసెడు దూరంలో, గోదావరి ఒడ్డున ఒక మామిడితోటలో, కొందరు పంతుళ్ళూ ఒక డాక్టరూ కలిసి పెట్టుకున్న సంఘం ఒకటి సెలవుల్లో పేదపిల్లలకు శిబిరం నడిపేది. బొగ్గుబాయిలో తండ్రులు పోయిన పిల్లలు నస్పూర్ దిక్కు నుంచి వచ్చేవారు, కూలికి పోయే తల్లుల పిల్లలు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చేవారు, జైనూర్ గుట్టల మీది గోండు పిల్లలు లారీ దిగి, ఒళ్ళంతా దుమ్ముతో, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడేవారు. మా బాపు కూడా బాయిలో కప్పు కూలి పోయినవాడే. కంపెనీ క్వార్టరు వదిలేసి నేనూ నన్ను కన్న అవ్వా చెన్నూరులో ఒక చిన్న అద్దె ఇంట్లో చేరితే, ఈ సంఘంవాళ్ళే అవ్వకు శిబిరంలో వంటపని, పంతులమ్మ ట్రైనింగు పూర్తి చేసిన నాకు పిల్లలకు ఆటలూ పాటలూ అక్షరాలూ నేర్పే పని ఇచ్చారు. నేను చేసిన మొదటి ఉద్యోగం అదే.

ఏ కాలానికి ఆ కాలం పని ఉండేది. ఎండాకాలం పొద్దున్నే పిల్లలను మోకాలి లోతు నీళ్ళున్న పాయలోకి దింపి ఈత కొట్టించి, ఎండ ముదిరాక మామిడిచెట్ల కింద కూర్చోబెట్టి మోదుగాకులతో విస్తళ్ళు కుట్టించేవాళ్ళం. ఎవరు కుట్టిన విస్తరిలో వాళ్ళే తినాలి, కుట్టు సరిగా లేనివాడి చారు ఒళ్ళోకి కారిపోతుంటే మిగతావాళ్ళు ఒకటే నవ్వు. చలికాలం లేత జొన్నకంకులు కాల్చి, నలిపి, ఊదుకుంటూ తినడం. దసరా సెలవుల్లో తంగేడు, గునుగు పూలు కోసుకొచ్చి బతుకమ్మను పేర్చడం, మగపిల్లలు కూడా సిగ్గుపడుతూనే చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టడం. ఇవన్నీ సంఘం ఒక్కటే చేయగలిగినవి కావు. నస్పూర్‌లో బాయి కార్మికుల ఇళ్ళల్లో ఆడవాళ్ళు రోజూ వంటకు బియ్యం తీసేటప్పుడు శిబిరం పేర ఒక పిడికెడు పక్కన కుండలో వేసేవారు. చెన్నూరులో గొల్లవాళ్ళ అత్త పెరుగు పంపేది. గుట్టల మీదివాళ్ళు పాకలకు వెదురు ఇచ్చేవారు. కుమ్మరి తాత వంటకుండలూ, ఎండాకాలం నీళ్ళకు పెద్ద పెద్ద రంజన్లూ బండిలో గడ్డి పరిచి, పసిపిల్లలను తెచ్చినంత జాగ్రత్తగా తెచ్చి దించేవాడు. ఆ ఇళ్ళన్నీ తిరిగి అడిగి తెచ్చే పని నాదే కాబట్టి ఏ గడపలో ఏం దొరుకుతుందో, ఎవరితో ఎట్లా మాట్లాడితే మనసు కరుగుతుందో నాకు బాగా తెలుసు. తెలియకపోయినా బాగుండేదేమో.

శిబిరంలో అందరూ వరుసలతోనే పిలుచుకోవాలి, ఇంటిపేరు గాని కులం గాని ఎవరూ అడగకూడదు అన్నది పెద్దక్క పెట్టిన నియమం. పెద్దక్క అంటే శిబిరం నడిపే మనిషి, కరీంనగర్‌లో చదువుకున్నది, ముప్పై దాటి ఉంటాయి, పెళ్ళి చేసుకోలేదు. నన్ను చెల్లె అనేది. మా అవ్వను పిల్లలతో పాటు తానూ అవ్వా అనే పిలిచేది. ఆమెలాగా చీర కట్టాలని, ఆమెలాగా గొంతు పెంచకుండా పిల్లలను కట్టడి చేయాలని నేను ఎంత ఆశపడ్డానో ఇప్పుడు చెప్పుకుంటే నా మీద నాకే రోత పుడుతుంది.

మూడో దసరాకు సద్దుల బతుకమ్మ రోజున, శిబిరానికి మామిడితోట ఇచ్చిన దొరసాని తన ఇంట్లో వండిన సద్దుల అన్నాలు బండిలో పెట్టించుకుని పిల్లలను చూడడానికి వచ్చింది. మధ్యాహ్నం వేళ, పిల్లలు విస్తళ్ళ ముందు బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు, మా అవ్వ పప్పుకుండ చంకన పెట్టుకుని వడ్డించడానికి వంగింది. దొరసాని ఆమె ముఖంలోకి కాసేపు చూసి, నువ్వు మా ఊరి బిడ్డవు గదా అని అడిగింది. అవ్వ సంతోషంగా అవునన్నది. పుట్టింటి ఊరి మనిషి పలకరిస్తే ఆడదానికి ఉండే సంతోషం, అంతకు మించి ఆమెకు ఏమీ తోచలేదు. ఏ వాడ అని దొరసాని రెండో ప్రశ్న అడిగింది. అవ్వ దాచలేదు, ఊరి చివర మా కులంవాళ్ళు ఉండే వాడ పేరు చెప్పింది.

దొరసాని అరవలేదు, తిట్టలేదు. పెద్దక్కను పక్కకు పిలిచి ఏదో చెప్పి, తెచ్చిన సద్దులు అట్లాగే తిరిగి బండిలో పెట్టించుకుంది. పెద్దక్క తెల్లబోయిన ముఖంతో వచ్చి, "మూడేండ్ల నుంచి వండుతున్నవ్, గీ సంగతి ఎందుకు చెప్పలే అవ్వా?" అన్నది.

"మీరెన్నడు అడిగిండ్రమ్మా?" అన్నది మా అవ్వ.

ఆ తర్వాత జరిగింది నా కళ్ళతో చూశాను. కుండలు పగలగొట్టమని పెద్దక్క పనివాళ్ళకు చెబితే ఎవరూ కదలలేదు. అప్పుడు ఆమే పొయ్యి దగ్గరి కట్టె ఒకటి తీసుకుని ఒక్కొక్క కుండనూ కొట్టింది. అన్నం, పప్పు, చారు అన్నీ మట్టిలో పోయాయి. కొడుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉంది. ఆ ఏడుపు చూసి నాకు జాలి కలగలేదు, ఇంకా మండింది. పని చేతులారా చేస్తూ కన్నీళ్ళు ఎవరికి చూపిస్తున్నట్టు? పిల్లలు ఖాళీ విస్తళ్ళ ముందు నోరు తెరుచుకుని చూస్తున్నారు. చిన్న గోండు పిల్ల ఒకతి, ఇంకా తెలుగు సరిగా రానిది, నేల మీది అన్నం విస్తరిలోకి ఎత్తుకోబోతే పెద్దక్క దాని చెయ్యి పట్టి ఆపింది. మా అవ్వ కొంగు దులుపుకుని తోట దాటి నడిచింది. వెనక నేను నడిచాను. ఆమె కంట నీళ్ళు లేవు. "పొయ్యిల మంట ఆర్పలే బిడ్డా, ఎవలన్న ఆర్పిండ్రో లేదో," అని మాత్రం దారిలో ఒకసారి అన్నది.

దొరసాని మీద నాకు అంత పగ ఎందుకు లేదని మీరు అడగవచ్చు. దొరసాని నన్ను ఎన్నడూ చెల్లె అనలేదు. పెద్దక్క మా అవ్వ ముందుకు వచ్చి తప్పయిందని వంగాలి, మళ్ళీ ఆ పొయ్యి దగ్గర మా అవ్వ నిలబడాలి, ఆ రోజు వరకూ ఆ శిబిరం సజావుగా నడవకూడదు. నాకు కావలసింది అదొక్కటే.

అందుకని అడగడానికి తిరిగిన గడపలన్నీ మళ్ళీ తిరిగాను. నస్పూర్‌లో జరిగినది జరిగినట్టు చెప్పాను, అది చాలింది. మూడేళ్ళు తమ పిల్లలకు వండిపెట్టిన మనిషికి ఇంత అవమానమా అని ఆ ఆడవాళ్ళు పిడికిలి బియ్యం కుండలు బోర్లించారు. గొల్ల అత్త పెరుగు మానేసింది. కుమ్మరి తాత ఒక్కడే నా మాటకు లొంగలేదు. సారె తిప్పుతూనే అంతా విని, "కుండలన్నంక పలుగుతయ్ బిడ్డా, పిల్లలకు నీళ్ళకు పరేషాన్ గావద్దు, మల్ల చేస్త," అన్నాడు.

అక్కడ నేను ఒక మాట కల్పించాను. ఇన్నేళ్ళలో దీన్ని ఎవరికీ చెప్పలేదు. కుండలు పగలగొట్టేటప్పుడు పెద్దక్క, వీటిని చేసిన చేతులు మాత్రం ఏపాటివి అన్నదని చెప్పాను. ఆమె అనలేదు. తాత సారెను చేత్తో ఆపేశాడు. చాలాసేపు తన చేతులకేసి చూసుకుని, "గట్లన్నదా?" అని ఒక్కమాట అడిగాడు. అన్నదన్నాను.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. దొరసాని పంపిన రాగి గుండిగలు ఉన్నాయి గాని రంజన్లు లేవు. ఎండకు కాగిన గుండిగల్లోని నీళ్ళు నోట పెట్టుకోలేక పిల్లలు ఏడ్చారని, బియ్యానికి పెద్దక్క ఊరూరా తిరిగినా ఎవరూ గుప్పెడు వేయలేదని, నలభై రోజుల శిబిరం పది రోజులకే ఎత్తేసి పిల్లలను లారీ ఎక్కించారని ఒక్కొక్కటే నా చెవిన పడింది. అబద్ధం చెప్పను, ఆ పూట నేను ఒక ముద్ద ఎక్కువ తిన్నాను. అవ్వ అప్పటికి కలుపు కూలికి పోతోంది. కబురు వినగానే, గుట్టల మీది పిల్లలు తిరిగి పోయేటప్పుడు తినడానికి ఏమన్నా కట్టిచ్చారో లేదో అని అడిగింది. నాకేం తెలుసని కసురుకున్నాను.

ఆ ఏడు దసరాకు శిబిరమే పెట్టలేదు. మన దిక్కు ఆచారం మీకు తెలియనిది కాదు. జమ్మిచెట్టుకు మొక్కి వచ్చాక చిన్నవాళ్ళు ఆ ఆకును బంగారమని పెద్దవాళ్ళ చేతిలో పెట్టి కాళ్ళు మొక్కాలి, పెట్టిన ఆకును కాదనకూడదు, తీసుకుంటే ఆ ఏటి పగలూ పంతాలూ అంతటితో సరి. పొద్దు గూకుతుండగా మా వాకిట్లో పెద్దక్క వచ్చి నిలబడింది. చిక్కిపోయింది, కాళ్ళనిండా దుమ్ము, చేతిలో రెండు జమ్మిరెమ్మలు. మా ఇంటికి ఆమె రావడం అదే మొదటిసారి. వాడంతా అరుగుల మీదికి వచ్చి చూస్తోంది.

"అవ్వా, బంగారం తెచ్చిన. తీస్కో," అన్నది.

మా అవ్వ తడిచెయ్యి కొంగుకు తుడుచుకుని ముందుకు చాచింది. నేను ఇద్దరి మధ్యకూ వెళ్ళి అడ్డం నిలబడ్డాను. ఏడాదిగా ఎదురుచూసిన ఘడియ అది, ఇంత చవకగా దాన్ని పోనివ్వడానికి నా ప్రాణం ఒప్పలేదు.

"ఈడ గాదు," అన్నాను. "కుండలు పలగ్గొట్టిన కాడనే, గా తోటల, పిల్లలందరి ముంగట ఇయ్యి. గప్పుడు తీసుకుంటది మా అవ్వ."

పెద్దక్క నా ముఖంలోకి చూసింది. కోపం లేదు ఆ చూపులో, ఉంటే నాకు సుఖంగా ఉండేది. "పిల్లలేడున్నరు చెల్లె? ఒక్కలన్న రాలే గదా," అన్నది.

నేను పక్కకు జరగలేదు. ఆమె ఆ రెమ్మలను అట్లాగే పట్టుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ చెన్నూరులో ఎవరికీ కనబడలేదు, కరీంనగర్ వెళ్ళిందన్నారు. దొరసాని తోటను వేరేవాళ్ళకు ఇచ్చింది. శిబిరం మళ్ళీ ఎన్నడూ తెరవలేదు.

నేను వెనక్కి తిరిగి చూసేసరికి మా అవ్వ చాచిన చెయ్యి ఇంకా చాచినట్టే ఉంది. ఆమె నన్ను జీవితంలో కొట్టింది లేదు, ఆ రోజూ కొట్టలేదు. "నాకు ఆమె మొక్కుడెందుకే? పొయ్యి గావాలె. రేపు పొద్దుగాలనే పోయి ముట్టించేదాన్ని, కబురు పెడితే పిల్లలు ఉరికొద్దురు," అని లోపలికి వెళ్ళి మా ఇద్దరికీ అన్నం వండింది. తర్వాత ఎంతోకాలం బతికింది, నాకు సర్కారు బడిలో ఉద్యోగం వచ్చాక నా దగ్గరే ఉంది, ఆ సంగతి మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు వండే మనిషి వాడ ఏదని పైకి ఎవరూ అడగరు, అడిగితే ఊరుకునేవాళ్ళూ లేరు, అది మంచిదే. అయితే పరాయి పిల్లల కోసం రోజూ ఒక పిడికెడు బియ్యం పక్కన వేసే ఇల్లు కూడా నాకు ఇప్పుడు ఎక్కడా కనబడదు. అట్లాంటి ఇళ్ళు ఉన్న రోజుల్లో, వాటి కుండలు బోర్లించి వచ్చినదాన్ని నేనే. పెద్దక్కను నేను క్షమించలేదు, కట్టె పట్టుకున్న ఆ చెయ్యి ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. కానీ కుమ్మరి తాత తన చేతులు చూసుకోవడం కూడా అంతే స్పష్టంగా కళ్ళకు కడుతుంది, దానికి ఆమెను తిట్టుకుందామంటే కుదరడం లేదు. దసరాకు మా పిల్లలంతా వరుసగా వచ్చి నా చేతిలో జమ్మి పెడతారు. నేను తీసుకెళ్ళి పెట్టడానికి నాకన్నా పెద్దవాళ్ళు మా ఇంట్లో గాని బంధువుల్లో గాని ఎవరూ మిగల్లేదు. బతికి ఉంటే పెద్దక్క ఒక్కతే నాకన్నా పదేళ్ళు పెద్దది, ఆమె ఎక్కడుందో, ఉందో లేదో, నేను ఏనాడూ ఎవరినీ అడగలేదు.