గడ్డం కింద ఎండ

దయ్యాలను నేను నమ్మను. ఇది జరిగిన తర్వాత కూడా నమ్మలేదు. నా భార్య విషయంలో చూసింది చూసినట్టు చెబుతాను. అంతకంటే ఒక్క మాట కలపను.

అరవైల మొదట్లో నేను తాండూరు బడిలో భూగోళం చెప్పేవాణ్ణి. ఆమెకు క్షయ వస్తే వికారాబాద్ దగ్గర గుట్ట మీది దవాఖానాలో చేర్చాను. మా బిడ్డ ఇంకా చిన్నది. పెద్దేముల్‌లో అమ్మమ్మ దగ్గర ఉంచాం. బరువు పెరిగితే దసరాకు ఇంటికి పంపుతామన్నారు. ప్రతి ఆదివారం రైలులో వెళ్ళి, రొట్టెలిచ్చి, తూకం ఎంతైందని అడిగేవాణ్ణి.

ఆ ఏడు వానలు విడవలేదు. శ్రావణమంతా గుట్ట మబ్బులోనే ఉంది. మంచాలు వరండాలో వేసేవారు గానీ ఎండ మొహం చూసినవాళ్ళు లేరు.

ఒక ఆదివారం ఆమె, తానొక కొండ ఎక్కుతున్నానని చెప్పింది. జ్వరం అనుకున్నాను. చెట్లు అయిపోయాయట. తర్వాత మోకాలెత్తు పొదలు, ఆపైన ఒట్టి గడ్డి, అందులో గోరంత పూలు. ఇప్పుడు రాళ్ళు, వాటి మధ్య మంచు. పొద్దున తేటగా ఉంటుందట. మధ్యాహ్నం కాగానే లోయలోంచి మబ్బు లేచి శిఖరాన్ని మూసేస్తుందట.

నేను ఇంట్లో పాఠాలు పైకి చదువుకుంటుంటే విన్నవే అయి ఉంటాయి. పైకి పోతే ఇంకా చలి అని నవ్వాను.

"చలి నీడల. ఎండల నిలబడితే మొకం మాడుతది. మీరు పుస్తకంల సూసిన్రు, నేను తొక్కుతున్న."

పక్క మంచం మీద నవాబుపేట నుంచి వచ్చిన ఒక ముసలి బీబీ ఉండేది. "మాస్టర్ సాబ్, నీ పెండ్లాం పొద్దంత ఎక్కుతనే ఉంటది. దుప్పట్ల కాళ్ళాడిస్తది, ఎద్దు లెక్క రొప్పుతది. జర కూసోని ఎక్కుమను, సూసి సూసి నాకే పరేషాన్ అయితుంది," అంది. ఇద్దరూ నవ్వి, నవ్వినందుకు చాలాసేపు దగ్గారు.

మరుసటి ఆదివారానికి ఆమె ముఖం నల్లబడింది. పెదవులు పగిలాయి. గడ్డం కింద, ముక్కుపుటాల కింది అంచున, చర్మం పొరలుగా ఊడుతోంది. సూదిమందు పడలేదేమోనని డాక్టరును పిలిచాను. ఆయన పటాలంలో పనిచేసి వచ్చినవాడు. ఆమె గడ్డం పైకెత్తి చూశాడు.

"ఈమె మంచుకొండలకు ఎప్పుడు పోయింది?"

ఈ జిల్లా దాటలేదని చెప్పాను. మంచు మీద పడ్డ ఎండ కింది నుంచి తిరిగి కొడుతుందనీ, అందుకే గడ్డం కింద కూడా కాలుతుందనీ, కశ్మీర్‌లో సిపాయిలకు చూశాననీ అన్నాడు. మందు వల్ల ఇలా రాదా అని అడిగాను. రావచ్చు అన్నాడు, కొంచెం ఆగి.

ఆ సంగతి నా పాఠాల్లో ఎక్కడా లేదు. నాకే తెలియనిది ఆమె నా దగ్గర విని ఉండదు.

"అక్కడ ఊపిరి ఆడనివాళ్ళకు ఏం చేసేవారు?" అని డాక్టరును అడిగాను.

"వెంటనే కిందికి దించేవాళ్ళం."

నేను మంచం దగ్గరికి వెళ్ళాను. నమ్మకపోయినా అడిగాను.

"దిగిరా. బిడ్డ ఎదురుచూస్తుంది."

"జడలెవరేస్తున్నరు దానికి?" అంది.

"మీ అవ్వ."

"గట్టిగ గుంజుతది. మెల్లగ ఎయ్యమను." తర్వాత నా వైపు చూసి, "గింత దూరం వచ్చిన. ఒక్కపారి సూసి దిగుత," అంది.

బుధవారం కబురొచ్చింది. తెల్లవారుతుండగా పోయిందట. దవాఖానాకు వెళ్తే బీబీ నా చెయ్యి పట్టుకుంది. "ఇయ్యాల రొప్పలేదు బేటా. మస్తు నిమ్మళంగ ఉండె."

ఊపిరితిత్తులు పాడైపోయాయని ఎక్స్‌రే చూపించారు. అందులో నాకు సందేహం లేదు. చర్మానికి మందే కారణమని కూడా అనుకోవచ్చు, చాలాసార్లు అనుకున్నాను. కానీ డాక్టరు చూడగానే అడిగిన మొదటి ప్రశ్న మందు గురించి కాదు.

మా బిడ్డ ఇప్పుడు ఎదిగింది. అమ్మ చివరికి ఎట్లుండెనని ఈ మధ్య అడిగింది. ఎండకు కొంచెం నల్లబడిందని చెప్పాను.

"వానకాలం దవాఖానల ఎండ యాడిది నాయినా?" అంది.

నాకు తెలియదని చెప్పాను.