పాప పంచర్, ప్రవేశం ఉచితం

పాప్ పంక్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు చిర్రెత్తుకొస్తుంది. చెప్పడానికేముంది దాంట్లో? గిటారు మీద మూడే మూడు కార్డ్స్, అంటే తీగలు నొక్కే పట్లు, తరుముకొచ్చే డ్రమ్ము, గొంతు చించుకునే పాట. ఏడవాల్సిన మాటల్ని గంతులేస్తూ పాడటం. రాసేదీ నేనే, బాణీ కట్టేదీ నేనే, అరిచేదీ నేనే. ఇంతకన్నా లోతుగా ఎవరైనా అడిగారంటే వాళ్లకు ఆ సంగీతం అక్కర్లేదని లెక్క.

నాకది దొరికింది పెనుకొండ నుంచి హిందూపురం పోయే ప్యాసింజరు రైల్లో. డిగ్రీ మూడేళ్లూ ఆ రైలే. ఒకరోజు ఫోన్లో ఏదో వెతుకుతుంటే ఇంకేదో మోగింది. ఎవరో తెల్లపిల్లలు, ఇంట్లోంచి తరిమేసినట్టు అరుస్తున్నారు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అయినా మలుగూరు స్టేషన్ దాటేసరికి నా కాళ్లు ఆగడం లేదు. ఎదురు సీట్లో చింతపండు బుట్టతో కూర్చున్న అవ్వ, పిల్లకు ఏదో పూనిందనుకొని కాళ్లు పక్కకు తీసుకుంది.

గిటారు ఫోన్లో చూసి నేర్చుకున్నాను. డ్రమ్ములకు మా క్లాస్‌మేటు దొరికాడు. హిందూపురంలో వాళ్లది మూడు తరాల పెళ్లి బ్యాండు. నిదానంగా వాయించడమనేది వాళ్ల వంశంలోనే లేదు, నాకు కావలసిందీ అదే. బేస్ గిటారు అతని చెల్లెలు పట్టింది. వాళ్ల ఇంటి వెనక బ్యాండు సామాను పెట్టుకునే రేకుల షెడ్డులో, వరసగా తగిలించిన ఎర్రకోట్ల మధ్య నిలబడి మేం ముగ్గురం లోకాన్ని దద్దరిల్లజేస్తున్నామని అనుకునేవాళ్లం. దద్దరిల్లింది రేకులు మాత్రమే.

అప్పట్లో నేను ఇంగ్లీషులో రాసేదాన్ని. పెనుకొండలో పుట్టిన నేను, వానలో తడుస్తూ ఎదురుచూసే ప్రేమికుడి మీద పాట రాశాను. మాకు వాన ఎక్కడిది? ఒకసారి బెంగళూరులో ఒక కాఫీ కొట్టులో ఆ పాటలు పాడితే అందరూ మర్యాదగా చప్పట్లు కొట్టారు. మర్యాద చప్పట్లకన్నా తిట్లే నయం. తిరుగు రైల్లో ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఆ తర్వాతి వారం షెడ్డులో ఉండగా నాయన ఫోన్ చేశాడు. చేతిలో గిటారు ఉంది కాబట్టి స్పీకర్ పెట్టాను. ఫోన్లో నాయన అడిగేవి మూడే. యాడుండావు? తిన్నావా? ఎప్పుడొస్తాండావు? జవాబు పూర్తిగా వినకుండానే పెట్టేస్తాడు. ఆరోజు ఆయన మూడో ప్రశ్న అయ్యేలోపే మా డ్రమ్మరు కర్రలందుకుని ఆ మాటల నడకనే వాయించడం మొదలుపెట్టాడు. మూడు ప్రశ్నలు, మూడు కార్డ్స్. నాకు ఒళ్లు ఝల్లుమంది. పది నిమిషాల్లో పాట అయిపోయింది.

యాడుండావు, యాడుండావు?
యాడుండానో నాకే తెలిస్తే
నీకు చెప్పనా నాయనా?
తిన్నావా, తిన్నావా?
తిన్నాననే చెప్తాండా.
వస్తాండా, వస్తాండా, ఇదో వస్తాండా.

పాడుతుంటే ముగ్గురికీ నవ్వాగలేదు, చివర్లో నాకు ఏడుపూ వచ్చింది. నేను రాయాల్సిన భాష ఇన్నాళ్లూ మా ఇంటి ఫోన్లోనే ఉందని, దాన్ని వదిలేసి ఎవరి వానలోనో తడుస్తున్నానని ఆరోజు తెలిసింది. వెంటనే ఇంగ్లీషు పాటలన్నీ అవతల పారేశాం.

నాయనకు మాత్రం ఈ పాట సంగతి చెప్పలేదు. ఆయనకు పెనుకొండలో హైవే పక్కన పంచర్ షాపు. నా గిటారును ఆయన ఏనాడూ తిట్టలేదు, మెచ్చుకోనూ లేదు. డిగ్రీ అయ్యాక ఒక కాన్వెంటులో లెక్కల టీచరుగా చేరమని పిలుపొచ్చినప్పుడు తొలిసారి నోరు విప్పి చేరమన్నాడు. నేను చేరనన్నాను, పాటలే నా పని అన్నాను. మూడోరోజు అన్నం తింటూ తలెత్తకుండా చెప్పాడు.

"ఒగసారి మనోళ్ల ముందర పాడు పాపా. కడదంకా ఒక్కడన్నా ఉండి వింటే నేనింగ అడ్డు చెప్పను. ఒక్కడూ లేకపోతే గమ్మున సోమవారం బడికి పోవల్ల."

ఒక్కడంటే ఒక్కడే కదా అని ఎగిరి ఒప్పుకున్నాను. నా జీవితమంతా ఆ ఒక్కడి మీద పెట్టానని ఆ రాత్రి పడుకున్నాకగానీ తట్టలేదు.

అది మూఢం. పెళ్లిళ్లు లేవు కాబట్టి పెళ్లి బ్యాండువాళ్లకు పని లేదు, కల్యాణ మండపాలన్నీ ఖాళీ. మా డ్రమ్మరు వాళ్ల నాన్నకు తెలిసిన ధర్మవరం మండపంవాళ్లు ఆదివారం సాయంత్రం నాలుగింటి నుంచి మండపం ముందరి ఆవరణ, అక్కడి స్టేజీ వాడుకోమన్నారు. ధర్మవరంలోనే ఒక ఫ్లెక్సీ షాపుకు మా డ్రమ్మరు రైల్లోంచి ఫోన్ చేసి, పాప్ పంక్ సంగీతం, ప్రవేశం ఉచితం అని రాయమన్నాడు. చక్రాల చప్పుడులో అవతలాయన ఏదో రెండుసార్లు అడిగాడట, ఇతను రెండుసార్లూ అవునన్నాడట.

ఆదివారం మండపం ముందు ఆటో దిగి తలెత్తితే పదడుగుల ఫ్లెక్సీ. పైన పెద్ద అక్షరాలతో 'పాప పంచర్'. కింద 'ఉచితం'. ప్రవేశం, సంగీతం చిన్న అక్షరాలై ఒక మూల పూలగుత్తి కిందికి వెళ్లిపోయాయి. ఒక పక్క నేను దండం పెడుతున్న ఫొటో, ఇంకో పక్క శ్రద్ధగా వేసిన లారీ టైరు బొమ్మ. నేను నెత్తిన చేతులు పెట్టుకున్నాను. మా డ్రమ్మరు మాత్రం, మనకు ఇన్నాళ్లూ పేరే లేదు కదా, ఇది బాగుండాది అన్నాడు. చంపేద్దామనుకున్నాను. ఇప్పుడు ఏ ఊరిలో ఏ స్టేజీ ఎక్కినా మా పేరు అదే. ఎంతో ఆలోచించి పెట్టుకున్నామని అందరికీ గొప్పలు కూడా చెప్తుంటాను.

నాలుగయ్యేసరికి జనం రావడం మొదలైంది. నాకు సంతోషంతో కాళ్లు నిలవలేదు. అంతమంది వస్తారని కలలో కూడా అనుకోలేదు. తీరా చూస్తే ప్రతి ఒక్కరూ బండి తోసుకుంటూ వస్తున్నారు. సైకిళ్లు, స్కూటర్లు, వెనక చక్రం కూలబడిన ఒక ఆటో. చీరల అంగడిలో పనిచేసే ఒకాయన అయితే రెండు ట్యూబులు భుజాన వేసుకొచ్చాడు. పంచర్ యాడ వేస్తారని నన్నే అడిగారు.

నేను నోరు తెరిచేలోపు నాయన వచ్చాడు. పెనుకొండ నుంచి బండి మీద, అమ్మ ఇస్త్రీ చేసిచ్చిన తెల్లచొక్కాతో. ఫ్లెక్సీని ఒకసారి చూశాడు, జనాన్ని చూశాడు, నావైపు చూడలేదు. గాలిపోయిన టైరు కళ్లముందు పెట్టుకొని ఊరికే కూర్చోవడం ఆయన వల్ల కాదు. చొక్కా విప్పి ఆవరణలో చెట్టు కొమ్మకు తగిలించి, బండి డబ్బాలోంచి పంచర్ సామాను తీశాడు. మండపం వంటింట్లోంచి ఒక ప్లాస్టిక్ తొట్టి తెప్పించి నీళ్లు నింపాడు. గాలి కొట్టిన ట్యూబును నీళ్లలో ముంచితే చిల్లు ఉన్నచోట బుడగలు లేస్తాయి. అక్కడ ప్యాచ్ వేసి, మళ్లీ ముంచి, బుడగ రాకపోతే పని అయినట్టు.

సరే, జనమైతే ఉన్నారు కదా అని మేం మొదలుపెట్టాం. అబ్బ, ఎంత బాగా పాడామో. రెండో పాటకే సైకిలు పిల్లలు గెంతులేశారు. ఆటో ఆయన హారను కొట్టి తాళం వేశాడు, అది తాళానికి పడకపోయినా మా డ్రమ్మరు తన దరువు మార్చి దాన్నీ కలుపుకున్నాడు. నాకు గాల్లో తేలుతున్నట్టుంది.

మూడో పాటలో గమనించాను. బండి బాగైనవాడు బాగైనట్టే పోతున్నాడు. నాయన చేతులు ఎంత చురుగ్గా ఆడితే నా జనం అంత తగ్గుతున్నారు. ఈయనకు ఈరోజే అంత పనితనం చూపించాలా? కొంచెం నిదానం చెయ్యకూడదా? పాట మధ్యలో కళ్లతోనే బతిమాలాను. ఆయన తల వంచుకొని ప్యాచ్ రుద్దుకుంటున్నాడు. సైకిలు పిల్లలు పోయారు. ఆటో పోయింది. రెండు ట్యూబులాయన రెండింటినీ దండల్లా మెడలో వేసుకొని పోయాడు. నేను ఇంకా గట్టిగా అరిచాను, అరిచేకొద్దీ భయం పెరిగింది.

చివరి పాటకు మిగిలింది ఒకే ఒక్క పెద్దాయన. మగ్గం నేసే మనిషట, తాడిమర్రి వైపు పోవాలట, మోపెడ్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా టీ అంగడాయన ఉన్నాడుగానీ ఆయన లెక్కలోకి రాడు, ఆయన అంగడే అక్కడ. మోపెడ్ ట్యూబుకు నాయన అప్పుడే ప్యాచ్ అంటించాడు. ఇంకో నిమిషంలో ఆ పెద్దాయన కూడా పోతాడు. నేను సోమవారం సుద్దముక్క పట్టుకుంటాను. మొదటి కార్డే తప్పు పట్టాను. మళ్లీ మొదలుపెట్టాను.

యాడుండావు, యాడుండావు?

నాయన చెయ్యి ఆగింది. తొలిసారి తలెత్తి చూశాడు. ఇవి తన మాటలేనని ఆయనకు తెలియడానికి ఒక వరస పట్టింది. 'తిన్నాననే చెప్తాండా' అన్నచోట ఆయన మొహం ఎలాగో అయింది. అంతదూరం నుంచి అది కోపమో, నవ్వో, ఇంకేదో నాకు తెలియలేదు. నేను కళ్లు మూసుకొని పాడాను.

తెరిచేసరికి పెద్దాయన కుర్చీలోంచి లేచి, అయిపాయెనా అప్పా అని అడుగుతున్నాడు.

"రవ్వంత కూచో అన్నా," అన్నాడు నాయన. "ఇంగొక పంచర్ ఉండాది."

పెద్దాయన కూర్చున్నాడు. నాయన ట్యూబును మళ్లీ నీళ్లలో ముంచి నెమ్మదిగా తిప్పసాగాడు. స్టేజీ మీద నుంచి నాకు తొట్టి బాగా కనిపిస్తోంది. పంచర్ షాపులో పుట్టి పెరిగినదాన్ని, నాకు చూడటం తెలియదా. నీళ్లలో ఒక్క బుడగ లేదు. నాకు నవ్వు, ఏడుపు, పాట మూడూ ఒకేసారి వచ్చేశాయి. ఆ పల్లవి రెండుసార్లతో అయిపోవాలి, నేను ఆరుసార్లు పాడాను. ఆరుసార్లూ నాయన ఆ ట్యూబును నీళ్లలో తిప్పుతూనే ఉన్నాడు.