కళ్ళు మూసుకునే సిస్టరమ్మ

నర్సుగా చేరిన కొత్తలో, మనిషి గట్టిగా అనుకుంటే ఏదైనా సాధిస్తాడని నమ్మేదాన్ని. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఇరవై రెండేళ్ళ వయసు, చేతిలో కొత్త ఫోను, అందులో పెద్ద పెద్ద పతకాలు గెలిచినవాళ్ళు చెప్పే విజయ రహస్యాలు ఉంటే ఎవరైనా అట్లాగే నమ్ముతారు. సోమల దగ్గరి మా పల్లెలో, మా ఇంట్లో నెలజీతం తెచ్చిన మొదటి మనిషిని నేను. అవ్వ, నాయన, చిన్నాయన అందరూ కూలికి పోయినవాళ్ళే. మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలో ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో నా ఉద్యోగం. మా నాయన టమోటాలు కోస్తూ పక్క సాలులో ఉన్నవాళ్ళకు కూడా "మా పాప సూదులేస్తాది" అని చెప్పుకునేవాడు. ఆ పాపకు సూది సరిగ్గా రాదన్న సంగతి ఒక్కటే ఆయనకు తెలియదు.

మామూలు ఇంజెక్షన్ వచ్చు. సెలైన్ ఎక్కించడానికి చేతి నరంలో పెట్టే సూది దగ్గరే నా పరువు పోయేది. నరం బాగా కనబడేది, నేను సూది తీసుకుని పోగానే పక్కకు జరిగేది. మూడు నెలలు పని చూసి ఖాయం చేస్తామన్నారు. రెండు నెలలయ్యేసరికి వార్డు పెద్ద సిస్టరమ్మ నన్ను గదిలోకి పిలిచింది (ఏ మూల తప్పున్నా కనిపెడుతుందని ఆమెకు మేం పెట్టుకున్న పేరు టార్చిలైటు). ఈ నెలాఖరుకల్లా మొదటి గుచ్చుకే నరం దొరకబుచ్చుకోవడం రాకపోతే చీటీలు రాసే కౌంటరుకు మార్చేస్తామని నెమ్మదిగా చెప్పింది. నెమ్మదిగా చెప్పినందుకే ఎక్కువ భయమేసింది. కౌంటరులో కూర్చున్న కూతురి గురించి నాయన పక్క సాలువాళ్ళకు ఏమని చెప్పుకుంటాడు?

ఆ వారమే ఫోనులో ఒక పరుగు వీరుడి మాటలు విన్నాను. ఓడిన పందెం గురించి రాసి పెట్టుకోవాలట, తిండీ నిద్రా వేళకు, లెక్కగా ఉండాలట, పందెం రోజు కొత్త బూట్లు తొడగకూడదట. అన్నిటికంటే ముఖ్యంగా, పరుగుకు ముందు కళ్ళు మూసుకుని పందెం మొత్తం మనసులో పరిగెత్తి గెలిచేయాలట. నేను ఒక్కటీ వదల్లేదు. తప్పిన నరాలన్నిటికీ ఒక నోటుబుక్కు పెట్టాను ("ముసలాయన, ఎడమ చెయ్యి, తొందర నాదే" అని ఒక పేజీ). హాస్టల్లో తొమ్మిదింటికే లైటు ఆర్పి ముసుగు తన్నేదాన్ని. నా గదిలోని పిల్ల కాబోయే మొగుడితో మాట్లాడే వేళ అదే, పాపం డాబా మీదికి పోయేది. చెప్పు తెగితే పిన్నీసు పెట్టుకుని అదే వేసుకున్నాను. పొద్దున రెండే ఇడ్లీలు తినేదాన్ని, వంటామె మూడోది వేస్తే ఆమెతో తగువు పెట్టుకునేదాన్ని.

ఇక కళ్ళు మూసుకోవడం. మొదటి రోజు చౌడేపల్లె నుంచి వచ్చిన ఒక పాలామెకు సెలైన్ పెట్టాలి. చేతికి రబ్బరు పట్టీ కట్టి, కళ్ళు మూసుకుని, వేళ్ళు గాల్లో ఆడిస్తూ, సూది దిగినట్టు, దాని వెనక గొట్టంలో రక్తం కనబడినట్టు (నరం దొరికిందనడానికి అదే గుర్తు) ఊహించుకున్నాను. కళ్ళు తెరిచేసరికి పాలామె కళ్ళు మూసుకుని ఉంది. పక్క మంచం మీదామె కొంగు తలమీదికి లాక్కుంది. వెనకనుంచి ఎవరో ఆమెన్ అన్నారు. మా ఆసుపత్రిలో ఆపరేషన్‌కు ముందు ప్రార్థన చేయడం ఆనవాయితీ, నేను చేసిందీ అదే అనుకున్నారు. కాదని చెప్పబోయాను. కానీ అంతకుముందు పిడికిలి బిగించుకుని ఉన్న ఆమె చెయ్యి ఇప్పుడు దూదిలా వదులైపోయింది, సూది ఒక్కసారికే దిగింది. ఇంక నేనేం చెప్పను?

వారం తిరిగేసరికి నా పేరు ప్రార్థన సిస్టరమ్మ అయింది. ఆ పాప సూదేస్తే నొప్పే తెలియదని ఒకరికొకరు చెప్పుకున్నారు. పాస్టరయ్య ఆదివారం కూటంలో లేచి దేవుడి మేలు గురించి సాక్ష్యం చెప్పమంటే గొంతునొప్పి అని తప్పించుకున్నాను. నాకు లోపల సిగ్గుగా ఉండేది. పుట్టింది విశ్వాసుల ఇంట్లోనే అయినా, ప్రసంగం మొదలుకాగానే మా అవ్వ భుజం మీద నిద్రపోతూ పెరిగినదాన్ని నేను. అయినా నోరు విప్పలేదు, నాకు ఉద్యోగం కావాలి.

నెలాఖరుకు ఇంకా రెండు రోజులుందనగా పెద్దపంజాణి వైపునుంచి ఒక తాతను తెచ్చారు. వాంతులు, విరేచనాలతో ఒళ్ళు ఎండిపోయి నరమన్నది కనబడటం లేదు. ఇద్దరు సిస్టర్లు గుచ్చి చూసి వదిలేశారు. తాత కోడలు ఆ ప్రార్థన చేసే పాపను పిలవమంది. టార్చిలైటు నన్ను పిలిపించి, తను మంచం కాళ్ళవైపు చేతులు కట్టుకుని నిలబడింది. నేను అలవాటుగా కళ్ళు మూసుకున్నాను. తాత నా మణికట్టు పట్టుకున్నాడు.

"నీలో నువ్వే సెప్పుకుంటే నాకేం తెలస్తాది మ్మా? నాకూ ఇనపడేట్టు సెప్పు. ఏ దేవుడైనా ఫర్వాలే."

నాకు ఒక్క ప్రార్థనా గుర్తుకు రాలేదు. లోపలికి పోయిన ఆ కళ్ళను చూస్తూ దొంగ ప్రార్థన చేయడానికి మనసూ రాలేదు. మనసులో ఉన్నదే పైకి చెప్పేశాను.

"తాతా, నీ చెయ్యి సల్లగా ఉండాది. ముందు వేన్నీళ్ళ గుడ్డ సుడతాను. నరం మెల్లగా లేస్తాది. అప్పుడు సూది పెడతాను. రక్తం కనపడితే ఆడనే ఆపతాను."

మాట మాటకూ తాత "అట్లే కానీ" అన్నాడు. మనసులో పరిగెత్తినన్నాళ్ళూ నేను వేన్నీళ్ళ గుడ్డ దగ్గర ఒక్కసారీ ఆగలేదు, నేరుగా గెలుపు దగ్గరికే దూకేదాన్ని. నోటితో చెప్పాక చేయక తప్పలేదు. గుడ్డ చుట్టాను, కాసేపు ఆగాను, పట్టీ కట్టి గుచ్చాను. నరం తప్పింది.

నరం మంచిది కాదని అనొచ్చు, అందరం అనే మాటే అది. నా నోట్లోంచి మాత్రం "తప్పింది తాతా, తప్పు నాదే" అని వచ్చేసింది. తాత రెండో చెయ్యి చాపాడు.

"ఇంకోతూరి సెప్పు. ఈతూరి నిదానంగా సెప్పు."

నిదానంగా చెప్పాను, చెప్పినంత నిదానంగానే చేశాను. సెలైన్ చుక్క చుక్కగా దిగడం మొదలైంది.

టార్చిలైటు గదిలోకి పోయి ఆమెకు మొత్తం చెప్పేశాను, అది ప్రార్థన కాదు, పరుగు పందెం పాఠమని. ఆమె తలెత్తకుండా రాసుకుంటూనే, "నాకు తెలుసులేమ్మా. ప్రార్థన చేసేవాళ్ళు గాల్లో సూది పొడస్తారా యాడైనా?" అంది. నన్ను ఖాయం చేసే కాగితం మీద మొదటి గుచ్చు తప్పింది అనే రాసింది. దాని కిందే వార్డులో ఉంచుకోవాలి అని రాసి సంతకం పెట్టింది. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేదు. నాయనకు ఫోను చేసి ఖాయమైందని చెబితే ఆయన ఫోను పక్కనున్నవాళ్ళకిచ్చి అదే మాట వాళ్ళకూ చెప్పమన్నాడు. నలుగురికి చెప్పాను, నాలుగోసారికి నాకే ఏడుపొచ్చింది.

ఇప్పుడు కుప్పంలో ఒక ఆసుపత్రిలో వార్డు చూసుకుంటున్నాను. ఇక్కడ జనం తెలుగు, తమిళం, కన్నడం మూడింటిలోనూ మూలుగుతారు. నాకొచ్చిన ముక్కలతోనే, సూది పెట్టే ముందు చేయబోయేదంతా వాళ్ళకు పైకి చెబుతాను. మొన్న కొత్తగా చేరిన పిల్ల ఒకటి, "అంతా చెప్పేసినాక కూడా ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటారే, అప్పుడు ఏం చూస్తారక్కా?" అని అడిగింది. ఆ వయసులో అయితే పరుగు వీరుడి పాఠమంతా అప్పజెప్పి ఉండేదాన్ని. ఏమీ లేదులే, పని చూసుకో అన్నాను. నరం దొరకని పసిబిడ్డ ముందు నిలబడ్డప్పుడు ఆ ఒక్క క్షణంలో నాకు సూదీ కనబడదు, రక్తమూ కనబడదు. ఈసారికి తప్పనివ్వొద్దు అని అడుక్కుంటాను. జనం అప్పుడు నా గురించి పొరపాటుగా అనుకున్నది ఏ రోజునుంచి నిజమైందో నాకు తెలియదు.