సోమశిల నీళ్లల్లో వరప్రసాదం భయం

ఆత్మకూరులో కరెంటు పనిచేసే వరప్రసాదానికి కరెంటంటే భయం. ఈ సంగతి మేమెవరం కనిపెట్టింది కాదు, ఆయనే చెబుతాడు. పనికి పిలిచినవాళ్ల ఇంట్లో అడుగు పెట్టగానే, "నాకు భయంగా ఉండాదబ్బా, ఎవురైనా పక్కన నిలబడండి" అంటాడు. రబ్బరు చెప్పులు విప్పమంటే విప్పడు, దేవుడి గదిలో బల్బు మార్చాల్సి వచ్చినా సరే.

మెయిన్ ఆపేసి, ఫీజు పీకి చొక్కా జేబులో వేసుకుని, ఆ జేబును ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో పని చేస్తాడు. ఒకసారి ఉదయగిరిలో ఎవరింట్లోనో ఫ్యాను బిగించి, ఫీజు జేబులో ఉండగానే బస్సెక్కి వచ్చేశాడు. ఇంటాయన ఫోన్ చేసి, "ఏందయ్యా ఇది, అందరం చీకట్లో కూర్చోనుండాం" అన్నాడు.

"చీకట్లో ఉంటే ఏంగాదులే సార్. క్షేమంగా ఉండారు గదా" అన్నాడు వరప్రసాదం.

ఆయన భార్య షైనీ మా ఆవిడతో చెప్పుకుని నవ్వేది. "మా ఇంట్లో పచ్చడి రుబ్బాలంటే కష్టమే అక్కా. నేను మిక్సీ వేసేలోపల పిల్లల్ని వీధిలోకి పంపేస్తాడు."

ఇలాంటి మనిషిని నేను తెరచాప పడవ పనికి తీసుకుపోయాను.

పడవ నా చిన్ననాటి స్నేహితుడు రాజమోహన్‌ది. చెన్నైలో ఉద్యోగం చేసిన రోజుల్లో తెరచాప పడవ నడపడం నేర్చుకున్నాడట. రిటైరయ్యాక అక్కడి నుంచే ఒక పాత పడవ కొని, లారీలో వేయించుకుని, అనంతసాగరం పక్కన సోమశిల జలాశయం ఒడ్డుకు చేర్చాడు. ఇక కనిపించిన ప్రతివాడికీ అదే కబురు. గాలి ఎటు వీచినా సరే, తను అనుకున్న చోటికి పోతాడట. అనంతసాగరంలో టీ కొట్టు వెంగయ్య మొదలు ఆత్మకూరులో మా బడి హెడ్మాస్టరు దాకా అందరికీ ఒక షికారు బాకీ పడ్డాడు.

పడవ నడుమ నిలబెట్టే అల్యూమినియం స్తంభం తాటిచెట్టంత ఉంటుంది. దాని కొసన ఒక లైటు, గాలి వేగం కొలిచే చిన్న గిన్నెల చక్రం ఉంటాయి. లోపలి వైర్లు పాడైపోయి రెండూ పని చేయడం లేదు. స్తంభాన్ని ఒడ్డున దిమ్మెల మీద పడుకోబెట్టి, కొత్త వైర్లు వేయాలి.

"బ్యాటరీ పన్నెండు వోల్టులేనయ్యా, చీమ కుట్టినంత కూడా ఉండదు" అన్నాడు రాజమోహన్.

"పన్నెండుకి భయపడనోడు రెండొందల ముప్పైకీ భయపడడు సార్. అప్పుడు పోతాడు" అన్నాడు వరప్రసాదం. చెప్పులు విప్పకుండానే పనిలోకి దిగాడు.

పాత వైరు కొసకు కొత్త వైరు కట్టి ఇటు నుంచి లాగాడు. పాతది మధ్యలో తెగింది. అప్పుడు చేపలు పట్టే నైలాను దారానికి చిన్న నట్టు కట్టి, ఆ స్తంభాన్ని మా ఇద్దరి చేతా ఒకవైపు ఎత్తించి, నట్టును లోపలికి జారవిడిచాడు. అది గలగలమంటూ అటువైపు తేలింది. ఆ దారంతో వైర్లు లాగి, పైన లైటు, చక్రం బిగించాడు. స్విచ్ వేసేముందు మమ్మల్ని వేపచెట్టు దాకా పొమ్మన్నాడు. లైటు వెలిగింది. చక్రాన్ని నోటితో ఊదితే మీటరులో అంకె కదిలింది.

"ఇంకేం, రేపు నీళ్లల్లోకి దించుదాం" అన్నాను.

వరప్రసాదం రాజమోహన్ వైపు ఒకసారి చూసి, తల గోక్కున్నాడు. "నాకెందుకో భయంగా ఉండాది అయ్యోరూ. పైన జాయింటు ఇంకోసారి చూడాల."

ఆ వారం అలా పోయింది. తర్వాతి వారం దగ్గర్లో కరెంటు తీగలున్నాయని, స్తంభం నిలబెడితే తగులుతుందని, పడవను ట్రాక్టరుతో దూరంగా లాగించాడు. అది మంచి పనే. ఆ తర్వాత స్విచ్ బోర్డులో తేమ చేరిందన్నాడు. వెంగయ్య కొట్టు దగ్గర అందరూ నవ్వుకున్నారు. రాజమోహన్ అందరి ముందూ, "ఈ పిరికోణ్ణి తెచ్చింది నువ్వే గదరా" అని నన్ను తిట్టేవాడు. తిట్టి, వాయిదాకు మాత్రం వెంటనే ఒప్పుకునేవాడు.

చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం దించక తప్పలేదు. ఒడ్డున జనం చేరారు. రాజమోహన్ భార్య రజిత కొబ్బరికాయ కొట్టింది. పడవలో రాజమోహన్, నేను, నీళ్లల్లో మీటరు సరిగా తిరుగుతుందో లేదో చూడటానికి వరప్రసాదం.

మొదట బాగానే ఉంది. ఒడ్డు దూరమైంది. చప్పట్లు వినిపించడం మానేశాయి. అప్పుడు పడమటి కొండల మీది మబ్బు చూస్తుండగానే మా వైపు తిరిగింది. నీళ్లు నల్లబడ్డాయి. గాలి ఒక్కసారిగా తెరచాపను కొట్టింది. పడవ పక్కకు ఒరిగి, నీళ్లు నా మోచేతి దాకా వచ్చాయి. మీటరులో అంకె ఎక్కుతూనే ఉంది. కొండ మీద మెరుపు మెరిసింది. ఆ విశాలమైన నీళ్ల మధ్య అన్నిటికన్నా ఎత్తుగా నిలబడింది మా లోహపు స్తంభమే అని నాకు తట్టింది.

రాజమోహన్ వైపు చూశాను. చుక్కాని పట్టుకుని బిగుసుకుపోయి ఉన్నాడు. మొహంలో రక్తం లేదు. పిలిస్తే పలకలేదు. నడపగలిగినవాడు వాడొక్కడే. నాకు నిజమైన భయం అప్పుడు పట్టుకుంది.

వరప్రసాదం పాక్కుంటూ పోయి అతని మోకాళ్లు పట్టుకున్నాడు. "సార్, నా వల్ల కాదు. నాకు భయంగా ఉండాది. పిల్లలు గలోణ్ణి సార్. ఆ తెర దించేసి, మోటారు వేసి నన్ను ఒడ్డున పడేయండి. మీకేం, మీకు అలవాటే. నాకోసం సార్."

రాజమోహన్ కళ్లు కదిలాయి. కిందికి చూశాడు. "ఛీ, పిరికోడా" అన్నాడు. ఎట్టకేలకు మాట వచ్చింది. "ఊరికే ఏడవొద్దు. ఆ తాడు వదులు. నీకోసమే దించతా ఉండా."

తెరచాప దిగింది. పడవ నిటారుగా లేచింది. వెనకున్న చిన్న మోటారు రెండు లాగులకు పలికింది. వాన కమ్మి ఒడ్డు కనిపించకుండా పోయేసరికి, వరప్రసాదం ఏడుస్తూనే చెయ్యి చాచి స్విచ్ వేశాడు. స్తంభం కొసన లైటు వెలిగింది. అలా ఏడుస్తూనే నా లైఫ్ జాకెట్ పట్టీలు బిగించాడు. అతని చేతులు వణకడం లేదు.

ఒడ్డు చేరేసరికి రజిత వానలో తడుస్తూ నిలబడి ఉంది. "ఆ లైటు కనపడతానే ఉండాది. అందుకే కూలబడకుండా ఉండినాను" అంది. రాజమోహన్ అందరికీ వినపడేలా, "మన ఎలక్ట్రీషియన్ ఏడుపు పడలేక వచ్చేసినాం" అన్నాడు. జనం నవ్వారు. వరప్రసాదం అందరికన్నా ముందు నవ్వాడు.

వాన వెలిశాక నా స్కూటరు మీద ఆత్మకూరు వస్తుంటే అడిగాను. "నిజం చెప్పు. అంత భయపడ్డావా?"

"భయం లేకుండా ఎట్టుంటాది అయ్యోరూ. కానీ ఆ సార్‌కి నాకన్నా ఎక్కువ ఉండాది. పడవ దించుదామని మీరు మొదట అన్నప్పుడే ఆయన చేతులు వణికినాయి. ఊరంతా చెప్పుకున్న మనిషి, భయమని ఎట్ట చెప్తాడు? అందుకే ఆ భయం నాదని చెప్పినా."

"మరి పైన జాయింటు? బోర్డులో తేమ?"

"జాయింటుకేం, మొదటి రోజే శుభ్రంగా ఉండాది. తేమా లేదు, గీమా లేదు."

అతన్ని ఇంటి దగ్గర దింపి వచ్చాను.

ఆ మర్నాడే రాజమోహన్ నాకు ఫోన్ చేశాడు. "రేయ్, ఆ వరప్రసాదానికి నీళ్లంటే భయం పోగొట్టాలిరా. పాపం, అట్ట వదిలేస్తే ఎట్ట. లోతు లేని చోట మెల్లగా నేర్పిస్తా. వాణ్ణి రమ్మను."

ఇప్పుడు ఆదివారం చర్చి అయ్యాక వరప్రసాదం సోమశిల పోతున్నాడు. పడవ మొదట మోకాటి లోతులో తిరిగింది, తర్వాత మెడ లోతులో, ఈమధ్య నడిమధ్యకు కూడా పోయి వస్తోంది. చుక్కాని దగ్గర రాజమోహన్ ఈల వేస్తూ ఉంటాడు.

"ఏం వరప్రసాదం, భయం పోయిందా?" అని మొన్న నా ముందే అడిగాడు.

వరప్రసాదం అతని చేతుల వైపు ఒకసారి చూశాడు. అవి నిబ్బరంగా ఉన్నాయి.

"చాలావరకు పోయింది సార్" అన్నాడు. "మీరు నేర్పించే పద్ధతి అట్టాంటిది."