కత్తెర తగలని చలికోటు

ఎండలు మండే మా రాయచూరులో చలికోటు కోసం తిరిగే మనిషిని చూస్తే ఎవరికైనా నవ్వే వస్తుంది. మా బట్టల దుకాణంలో కూర్చుని మా ఆయన కూడా కడుపుబ్బ నవ్వాడు. నాకు మాత్రం ఆ కోటు లేకపోతే పని జరగదు. పాతకాలపు వేషాలు కట్టి కోట కాపలాను ఆడి చూపించే మా బృందంలో, కోట వాకిలి దగ్గర ఈటె పట్టుకుని నిలబడే అవకాశం నాకు మొదటిసారి వచ్చింది. చలికాలం తెల్లవారుజామున ఆట. బృందాన్ని నడిపే చరిత్ర మాస్టారిది ఒకటే షరతు: జిప్పు, గుండీ, మిషను కుట్టు ఏది కనిపించినా వెళ్లి జనంలో కూర్చోవాలి.

హైదరాబాదులో అద్దెకు దొరికేవన్నీ పెళ్లి షేర్వానీలే. కొత్తది కుట్టించాలంటే ఆ డబ్బుతో ఇంటిల్లిపాదికీ పండగ బట్టలు వస్తాయి. నా ఏడుపు మొహం చూసి మా అత్త తన పెట్టె తెరిచింది. పాత నూలు చీరలు పొరలుగా పేర్చి చేత్తో కుట్టే దుప్పటిని మా వైపు కౌది అంటాం. అందులో మా అత్తను మించినవాళ్లు వీధిలో లేరు. బొచ్చు దుప్పట్లు వచ్చాక ఆమెను అడిగేవాళ్లే లేకుండా పోయారు. ఇద్దరు స్నేహితురాళ్లను పిలిచి, నా కోటు కోసం ఒక కౌదిని అంచుల నుంచి మధ్యకు, పది రోజులు కుట్టింది. ముచ్చటగా ఉంది. దాన్ని కోటుగా కత్తిరించడానికి దర్జీ కత్తెర తీసేసరికి మా అత్త వెళ్లి దాని మీద కూర్చుంది.

"కుట్టు ముగిసిన కౌదికి కత్తెర పెడ్తరా ఎక్కడన్న? నా పానం పోయినా పెట్టనియ్య."

కోటు కోసం కుడుతున్నప్పుడు కత్తిరించాలని తెలియదా అని అడిగాను. తెలుసట, కుట్టే సంబరంలో మరిచిపోయిందట. ఆటకు ఇంక నాలుగు రోజులే. ఆ పూట నేను ఆమెతో మాట్లాడలేదు. అన్నం మాత్రం బాగానే తిన్నాను.

మర్నాడు పొద్దున్నే నన్ను నిలబెట్టి జానలతో కొలిచింది. ఈసారి వీధిలో ఇంకో నలుగురు చెయ్యి వేశారు. పసిపిల్లల కింద పరిచే చిన్న కౌదుల్లాంటివి ఐదు కుట్టారు: వీపుకి ఒకటి, ముందుకి రెండు, చేతులకి రెండు. దేనికీ కత్తెర పెట్టకుండా అంచుకి అంచు కలిపి కుట్టి, గుండీల బదులు చీర అంచుతో నాడాలు పెట్టారు. ఎడమ చెయ్యి కొంచెం పొడుగొచ్చింది. దారానికి తప్ప దేనికీ ఖర్చు కాలేదు.

మాస్టారు దాన్ని తిరగేసి మిషను కుట్టు కోసం మడత మడతా వెతికారు. ఇంత పాతది ఎవరింట్లో దొరికింది, ఆటలో పాడైపోదా అని కంగారుపడ్డారు. నిన్న సాయంత్రమే కుట్టడం అయిందని చెప్పాను. ఆయన ఈటె నా చేతికిచ్చారు.

ఆట రోజు మా అత్త అందరికంటే ముందు వచ్చి ముందు వరుసలో కూర్చుంది. కాపలావాడు కదలకూడదు, నవ్వకూడదు. నేను బిగుసుకుని నిలబడ్డాను. కోడలు భలే ఉందని పక్కావిడ మెచ్చుకుంటే మా అత్త కోట మొత్తం వినబడేలా చెప్పింది:

"దాని మొఖం ఏం చూస్తవు, కుట్టు చూడు. నాది."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చేతిలో ఈటె ఊగింది. మాస్టారు దూరం నుంచి కళ్లురిమారు. ఉరమనీ అనుకున్నాను. ఎన్నో ఏళ్ల తర్వాత మా అత్త పనిని ఊరంతా చూస్తోంది, అదీ నా ఒంటి మీద.